ఖబ్బాబ్ వీపు

గిరింపేట దాటినాక వేలూరు రోడ్డులో
లారీ పట్టీలు సాగగొట్టే కొట్టం మా నాయినది.
ఒక కొలిమి, ఒక దాగలి, మూత లేని డాల్డా డబ్బా.
మామిడికాయల కాలంలో
జ్యూసు ఫ్యాక్టరీకి పోయే లారీలు
నడుములు పడిపోయి వచ్చేవి.
పట్టీని ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచి,
"ఇంగ మోస్తుందిలే" అనేవాడు ఇమాంసా
బిడ్డను తట్టినట్టు దాన్ని తట్టి.

రాత్రిపూట ఆయన వీపుకు ఆముదం రుద్దేది నా పని.
రవ్వలు పడి పడి
చింతగింజలు అతికించినట్టు మచ్చలు.
"ఇవి ఉత్త రవ్వలు మే.
ఖబ్బాబ్ వీపయితే నువ్వు చెయ్యి పెట్టలేవు."

మక్కాలో కమ్మరి. ఒకామె సంతలో కొన్న బానిస.
ఊరి కత్తులన్నీ ఆయన చేతుల్లోంచే పోయేవి.
దేవుడు ఒక్కడే అన్నాడని
నిప్పులు పరిచి వాటి మీద పండబెట్టినారంట.
లేవకుండా ఒకడు రొమ్ము మీద కాలు పెట్టినాడంట.
ఆ నిప్పుల్ని నీళ్ళు ఆర్పలేదు,
వీపు కొవ్వు కరిగి ఆర్పింది.
ఇక్కడ నాయిన ఆగేవాడు.
నా చేయీ ఆగేది.

కత్తి చేయించుకున్న షావుకారు కత చెప్పేటప్పుడు మాత్రం
వీపు కదిలిపోయేలా నవ్వేవాడు.
"నీ ప్రవక్తను కాదను, బాకీ ఇస్తా" అన్నాడంట వాడు.
"నువ్వు చచ్చి మళ్ళీ లేచినా అనను."
"అయితే లేచినాకే వచ్చి అడుగు, ఆడ ఇస్తాలే!"
మాకూ ఉండిరి అట్లాంటోళ్ళు.
వాళ్ళ బాకీలు సుద్దముక్కతో గోడరేకు మీద రాసేవాడు.
కప్పులో బొక్క. వానొస్తే కడుక్కుపోయేవి.
మళ్ళీ రాసేవాడు కాదు.
"వానకు గూడా నీ గిరాకీలే చుట్టాలు" అనేది అమ్మ.

ఖబ్బాబ్‌కు చివర్లో డబ్బొచ్చిందంట.
తాళం వెయ్యకుండా ఇంట్లో ఒక మూల పెట్టి
కావలసినోళ్ళని తీసుకోమన్నాడంట.
అందుకే మా డాల్డా డబ్బాకు మూత లేదు.
నా పదో తరగతి ఫీజు కట్టాల్సిన వారం
అందులో పదకొండు రూపాయలు.
పనిపిల్లోడు మునిరత్నం
వాళ్ళమ్మను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయినాడు.
ఆ రాత్రి ఆముదం రుద్దకుండా అడిగినా:
"ఖబ్బాబ్‌కు కూతురు ఉండిందా?"
చాలాసేపటికి చెప్పినాడు.
"ఉండింది. ఆయన దండుకు పోయినప్పుడు
ప్రవక్తే వచ్చి వాళ్ళ మేకకు పాలు పితికేవాడంట.
గిన్నె నిండి పొంగేదంట."
"మనకు మేక లేదు" అన్నా.
నెల తర్వాత కట్టినాం ఫీజు. ఫైనుతో.

కడపటి కత ఒకే ఒక్కసారి విన్నా,
పెద్దాసుపత్రిలో, సెలైను బొట్టు బొట్టుగా దిగుతుంటే.
చావు ముందర ఖబ్బాబ్‌కు కఫన్ గుడ్డ చూపిస్తే
ఏడ్చినాడంట.
నిప్పుల మీద ఏడ్చినాడో లేదో నాకు తెలీదు,
తెల్లగుడ్డ చూసి ఏడ్చినాడు.
హమ్జాకు ఇంత గుడ్డ దొరకలేదే అని.
తల కప్పితే కాళ్ళు, కాళ్ళు కప్పితే తల.
చివరికి కాళ్ళ మీద గడ్డి కప్పినారంట.
"ఏం గడ్డి నాయినా?"
"వాసన గడ్డి. మన బోదగడ్డి లాంటిది.
కొలిమికీ, ఇంటి కప్పుకీ, గోరీకీ అదే."

నాయినకు గుడ్డ సరిపోయింది.
జనాజా లేచే వేళకు మునిరత్నం
మొగిలి కొండ నుంచి బోదగడ్డి మోపు మోసుకొచ్చినాడు,
చెమటతో, చెప్పుల్లేకుండా.
"దీంతో పనేముంది రా?" అన్నారెవరో.
"కమ్మరోళ్ళకు కావాలని అన్న చెప్పినాడు" అన్నాడు.
అప్పుడు ఏడ్చినా నేను, అంతవరకు ఏడవనిది.

ఆ మోపు కొట్టం కప్పులో బొక్క మీద పరిచినాం.
ఇప్పుడు కొలిమి మునిరత్నానిది.
డబ్బాకు మూత ఇంకా లేదు.
వాన లోపలికి రాదు,
రేకు మీద బాకీలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.
అది మాత్రం నాయినకు నచ్చేది కాదేమో.